పొత్తు వద్దు: ఒకే పెట్టెలో రెండు యూనిక్స్‌లు వేసుకునేవారికి అడ్డం తిరిగిన సలహాలు

ఒకే కంప్యూటర్‌లో డెబియన్ లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ రెండూ వేసుకోవాలని ఎవరిని అడిగినా సలహాలు అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తాయి. ముందు వర్చువల్ మెషీన్‌లో చూడు. ఉన్న పార్టిషన్‌ని కాస్త కుదించి చోటు చెయ్యి. హోమ్ డైరెక్టరీ ఉమ్మడిగా పెట్టు, స్వాప్ ఒక్కటి చాలు. గ్రబ్ మెనూలో రెండు పేర్లూ కనబడేలా చూసుకో. రెండింటిలోనూ ఒకే డెస్క్‌టాప్, ఒకే షెల్ పెట్టుకుంటే ఏది వాడుతున్నావో కూడా తెలియదు. ఇవి చెప్పేవాళ్ళు చేయి తిరిగినవాళ్ళే, మన మేలు కోరేవాళ్ళే. అయినా వీటిలో ఒక్కటి కూడా పాటించవద్దంటాను.

నేను చెప్పేవి వింటే చాలామందికి తలకిందులుగా తోస్తుంది. డిస్కు మొత్తం చెరిపేయమంటాను. దాదాపు సగం చోటు ఏమీ వేయకుండా వదిలేయమంటాను. మెనూ వద్దంటాను. ఒక్క ఫైలు కూడా ఉమ్మడిగా ఉంచుకోవద్దంటాను. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకే నమ్మకం: రెండు యూనిక్స్‌లు పెట్టుకునేది వాటి తేడా కోసం. ఆ తేడా కనబడకుండా చేసే ప్రతి సౌకర్యమూ ఎప్పుడో ఒకప్పుడు మన ఫైళ్ళ మీదికో బూట్ మీదికో వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు హాయిగా కాపురం ఉండవచ్చు, పొయ్యిలు వేరుగా ఉన్నంతకాలం.

ఆ తేడా పైపై తేడా కాదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్, 1970లలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో బీఎస్‌డీగా పెరిగింది. ఆ కోడ్‌ని ఇంటెల్ 386 మీదికి తెచ్చింది విలియం జోలిట్జ్, లిన్ జోలిట్జ్ దంపతులు. వారి 386బీఎస్‌డీ 1992లో బయటికొచ్చింది. దాని నుంచే 1993లో నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ పుట్టాయి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్ మాత్రం మొదటి అక్షరం నుంచీ కొత్తగా రాసినది. 386బీఎస్‌డీ అప్పటికే చేతికి అంది ఉంటే లైనక్స్ పుట్టేదే కాదేమోనని ఆయనే తర్వాత అన్నారు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, ఎక్కడెక్కడివో ముక్కల్ని ఏరి కూర్చి ఒక్కటిగా నిలబెట్టే పని చేస్తుంది: కెర్నల్ ఒకచోటిది, కమాండ్లు గ్నూ వారివి, సేవల్ని నడిపే సిస్టమ్‌డీ ఇంకొకరిది. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, మూల కమాండ్లు, వాటి మాన్యువల్ పేజీలు ఒకే కోడ్ చెట్టులో, ఒకే బృందం చేతిలో పెరుగుతాయి. బయటి నుంచి తెచ్చుకున్నదంతా /యూఎస్ఆర్/లోకల్ కింద విడిగా ఉంటుంది. మూల వ్యవస్థకీ, మనం తెచ్చుకున్న సరుకుకీ మధ్య ఆ గీత డెబియన్‌లో లేదు. ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టుకుని పని చేస్తేనే యూనిక్స్ అంటే ఏమిటో లోపలి నుంచి అర్థమవుతుంది. అందుకే ఈ తంటా పడమంటున్నాను.

వర్చువల్ మెషీన్‌తో మొదలుపెట్టకండి

వర్చువల్ మెషీన్ ఇచ్చేది ఊహలోని కంప్యూటర్. దాని నెట్‌వర్క్ కార్డు, డిస్కు, స్క్రీన్ అన్నీ అచ్చంగా డ్రైవర్లకి నచ్చేలా తయారైనవి. అందులో ఫ్రీబీఎస్‌డీ పది నిమిషాల్లో లేచి నిలబడుతుంది, మీరు అంతా బాగుందనుకుంటారు. మీ ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్ దానికి తెలుసా, మూత మూస్తే నిద్రపోయి తెరిస్తే లేస్తుందా, గ్రాఫిక్స్‌కి ఏ మాడ్యూల్ కావాలి అనే అసలు ప్రశ్నల్లో ఒక్కదానికీ అక్కడ జవాబు దొరకదు. పైగా బూట్ అనేది ఎలా జరుగుతుందో వర్చువల్ మెషీన్ దాచేస్తుంది. రెండు వ్యవస్థలు పెట్టుకోవడంలో నేర్చుకోవలసిన విషయమే అది.

దానికి బదులు పెన్‌డ్రైవ్ మీద ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాలర్ ఎక్కించి, అసలు యంత్రాన్నే దానితో బూట్ చేయండి. మొదటి తెరలోనే ఇన్‌స్టాల్‌తో పాటు షెల్, లైవ్ అనే దారులు కూడా ఉంటాయి. లైవ్‌లోకి వెళ్ళి కెర్నల్ సందేశాలు చదవండి. నెట్‌వర్క్ కార్డు పేరు కనబడిందా, డిస్కు కనబడిందా చూడండి. వైఫై కనబడకపోతే నిరాశ పడనక్కరలేదు, యూఎస్‌బీకి తగిలించే ఈథర్నెట్ అడాప్టర్‌తో పని నడుస్తుంది. సెక్యూర్ బూట్ మాత్రం ఫర్మ్‌వేర్‌లో ఆపేయాలి. డెబియన్ 2019లో వచ్చిన 10వ విడుదల నుంచి సెక్యూర్ బూట్‌తో పని చేస్తుంది, ఫ్రీబీఎస్‌డీ అలా సిద్ధంగా సంతకం చేసిన లోడర్‌తో రాదు.

కుదించకండి, చెరిపేయండి

ఉన్న పార్టిషన్‌ని కుదించి పక్కన చోటు చేసుకోవడం జాగ్రత్తపరుల పద్ధతి అంటారు. నా లెక్కలో అది అజాగ్రత్త. కుదించేటప్పుడు బ్యాకప్ ఉందనే ధైర్యం ఉంటుందే కానీ, ఆ బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో లేదో ఎవరూ చూడరు. డిస్కు మొత్తం చెరిపేసి, అన్నీ బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవాలని నిర్ణయించుకుంటే, చెరిపే ముందే ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తారు. అది చూసిన తర్వాతే డిస్కు మీద చెయ్యి వేయండి. రెండు వ్యవస్థలున్న యంత్రంలో డిస్కు ఎప్పుడైనా పోవచ్చు, ఆ రోజున చేయవలసిన పనిని మొదటి రోజే చేసి చూసుకున్నట్టవుతుంది.

ఇంకో కారణం ఫైల్ సిస్టమ్‌ల స్వభావం. ఎక్స్‌ట్4ని కుదించాలంటే దాన్ని మౌంట్ నుంచి దించాలి. ఎక్స్‌ఎఫ్ఎస్‌ని మామూలుగా కుదించడమే కుదరదు. ఫ్రీబీఎస్‌డీ సొంత ఫైల్ సిస్టమ్ యూఎఫ్ఎస్‌కి పెరగడమే తెలుసు, తగ్గడం తెలియదు. జడ్‌ఎఫ్ఎస్ పూల్‌లోని డిస్కు భాగమూ అంతే. అంటే మొదటి రోజు ఇచ్చిన కొలత దాదాపుగా శాశ్వతం. కనుక ఆ కొలతలు మీరే, ఖాళీ డిస్కు మీద, తీరిగ్గా కూర్చుని నిర్ణయించాలి.

ఇన్‌స్టాలర్ చేతికి డిస్కు ఇవ్వకండి

ఏ ఇన్‌స్టాలర్‌కైనా తన వ్యవస్థే లోకం. ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాలర్‌లో జడ్‌ఎఫ్ఎస్‌ని ఆటోమేటిక్‌గా వేసే దారి పట్టారంటే అది డిస్కు మొత్తాన్ని తీసుకుంటుంది, పక్కన డెబియన్ ఉన్నా సరే. యూఎఫ్ఎస్ దారిలో మొత్తం డిస్కా, కొంత భాగమా అని అడుగుతుంది. ఈ ఒక్క తేడా తెలియక డెబియన్‌ని పోగొట్టుకోవడం చాలా తేలిక. ఒకే డిస్కు మీద మొదటిసారి చేసేవారికి యూఎఫ్ఎస్ చాలు. జడ్‌ఎఫ్ఎస్ మీద మనసుంటే, ల్యాప్‌టాప్‌లో రెండో ఎం.2 స్లాట్ ఉందేమో చూసి దానికి వేరే డిస్కే కొనండి.

ఇన్‌స్టాలర్‌ల ఊహలు ఎంత నష్టం చేయగలవో చెప్పే పాత సంగతి ఒకటుంది. పాత ఎంబీఆర్ పద్ధతిలో ప్రతి పార్టిషన్‌కీ ఒక రకం సంఖ్య ఉండేది. లైనక్స్‌కి 83, ఫ్రీబీఎస్‌డీకి ఏ5, ఓపెన్‌బీఎస్‌డీకి ఏ6, నెట్‌బీఎస్‌డీకి ఏ9, అన్నీ పదహారు అంకెల పద్ధతిలో. ఇంటెల్ యంత్రాల మీద సోలారిస్ 82ని వాడుకునేది. లైనక్స్ తన స్వాప్‌కి వాడిందీ అదే 82. రెండూ ఒకే డిస్కులో ఉంటే, లైనక్స్ ఇన్‌స్టాలర్‌కి సోలారిస్ ఉన్న పార్టిషన్ మొత్తం వాడుకోదగ్గ స్వాప్‌లా కనిపించేది. సోలారిస్ సొంతదారు సన్ మైక్రోసిస్టమ్స్ తర్వాత బీఎఫ్ అనే కొత్త సంఖ్యకి మారింది. ఇందులో ఏ ఒక్కరూ కావాలని చేసింది లేదు, ఎవరి పని వారు సవ్యంగానే చేసుకున్నారు. పక్కవారిని ఎవరూ చూడలేదు, అంతే.

ఇప్పుడు ఎంబీఆర్ స్థానంలో జీపీటీ అనే పార్టిషన్ పట్టిక వచ్చింది. రకాలకి పొడవాటి గుర్తులున్నాయి, 128 పార్టిషన్ల దాకా మామూలుగా చోటుంది, పట్టిక నకలు డిస్కు చివర ఇంకొకటి ఉంటుంది. సంఖ్యలు ఢీకొనే బెడద తీరింది. అయినా పట్టిక మీరే రాయండి. ఫ్రీబీఎస్‌డీ లైవ్ షెల్‌లో జీపార్ట్ అనే కమాండ్ ఉంది, డెబియన్ వైపు పార్టెడ్ ఉంది. దేనితోనైనా సరే, ఇన్‌స్టాలర్ మొదలవక ముందే అన్ని పార్టిషన్లనూ సృష్టించి, ప్రతిదానికీ పేరు పెట్టండి. డెబ్‌రూట్, బీఎస్‌డీరూట్ లాంటి పేర్లు. ఈ పేర్లు జీపీటీలోనే నిలుస్తాయి కనుక రెండు వైపులా కనబడతాయి: ఫ్రీబీఎస్‌డీలో /డెవ్/జీపీటీ కింద, డెబియన్‌లో /డెవ్/డిస్క్/బై-పార్ట్‌లేబుల్ కింద. ఒకే డిస్కు డెబియన్‌లో ఎస్‌డీఏ, ఫ్రీబీఎస్‌డీలో ఏడీఏ0 అవుతుంది. ఎన్‌వీఎంఈ అయితే పేర్లు ఇంకా వేరు. పరికరం పేరును బట్టి పోతే ఏదో ఒక రోజు తప్పుడు పార్టిషన్‌ని ఫార్మాట్ చేస్తారు, మనం పెట్టిన పేరు అయితే ఎటునుంచి చూసినా ఒక్కటే. తర్వాత ఇన్‌స్టాలర్‌లలో మాన్యువల్ దారి పట్టి, ఏ పేరుకి ఏ చోటో చూపించండి చాలు. పట్టికని కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఆ యంత్రమే బూట్ కానప్పుడు కావలసింది ఆ కాగితమే.

సగం దాకా ఖాళీగా వదలండి

512 జీబీ అని అమ్మే డిస్కు, కంప్యూటర్ లెక్కలో సుమారు 476 గిబీబైట్లు. అందులో నేను ఇచ్చే వరస ఇది: మొదట ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి 1, తర్వాత ఒక వ్యవస్థ స్వాప్‌కి 8, దాని రూట్‌కి 120, ఆ వెనక సుమారు 100 ఖాళీ, రెండో వ్యవస్థ స్వాప్‌కి 8, దాని రూట్‌కి 120, మిగిలినదంతా ఖాళీ. దాదాపు 220 ఏమీ లేకుండా పడి ఉంటాయి.

డబ్బు పెట్టి కొన్న చోటుని ఇలా వదిలేయడం చాలామందికి మింగుడు పడదు. కానీ ఎక్స్‌ట్4 అయినా యూఎఫ్ఎస్ అయినా పెరిగేది ముందుకే, అంటే తన వెనువెంటనే ఉన్న ఖాళీలోకే. అందుకే స్వాప్‌ని రూట్‌కి ముందు పెట్టాలి, రూట్ తర్వాత ఖాళీ ఉండాలి. ఆరు నెలలు వాడాక ఎటువైపు బరువు పడుతోందో మీకే తెలుస్తుంది. అప్పుడు ఫ్రీబీఎస్‌డీలో గ్రోఎఫ్ఎస్‌తో, డెబియన్‌లో రీసైజ్2ఎఫ్ఎస్‌తో, నడుస్తున్న వ్యవస్థని ఆపకుండానే పెంచుకోవచ్చు. మొదటి రోజే అంతా పంచేస్తే ఆ అవకాశం ఉండదు.

మెనూ పెట్టకండి

గ్రబ్ మెనూలో రెండు పేర్లూ చూడాలని అందరికీ ఆశ. యూఈఎఫ్‌ఐ యంత్రంలో దాని అవసరమే లేదు. ఈఎఫ్‌ఐ పార్టిషన్ అనేది ఒక చిన్న ఫ్యాట్ ఫైల్ సిస్టమ్. అందులో డెబియన్ తన పేరుతో ఒక డైరెక్టరీ, ఫ్రీబీఎస్‌డీ తన పేరుతో ఒక డైరెక్టరీ పెట్టుకుంటాయి. ఎవరి లోడర్ వారి గూటిలో ఉంటుంది. పొత్తు వద్దన్న నేను ఒప్పుకునే ఉమ్మడి చోటు ఇదొక్కటే, ఎందుకంటే గదులు ముందే విడదీసి కట్టారు. ఏ గదికి వెళ్ళాలో అడగడానికి ఫర్మ్‌వేర్‌లోనే మెనూ ఉంది. డెల్, థింక్‌ప్యాడ్‌లలో యంత్రం ఆన్ చేసిన వెంటనే ఎఫ్12 నొక్కితే వస్తుంది, హెచ్‌పీలో ఎఫ్9.

గ్రబ్‌కి మెనూ అప్పగిస్తే ఏమవుతుంది? గ్రబ్ సెట్టింగులూ మాడ్యూళ్ళూ ఉండేది డెబియన్ పార్టిషన్‌లో. అంటే ఫ్రీబీఎస్‌డీ తలుపు తాళం డెబియన్ జేబులో పెట్టినట్టే. డెబియన్ పాడైనా, మీరే విసుగొచ్చి తీసేసినా, గ్రబ్ తన ఫైళ్ళు దొరక్క ఒట్టి ప్రాంప్ట్ చూపి ఆగిపోతుంది. అటు ఏ లోపమూ లేని ఫ్రీబీఎస్‌డీ కూడా ఆ మెనూ దారిన చేతికి అందదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క వ్యవస్థల్ని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపే ఉంచుతున్నారు. పక్కవాడి డిస్కులోకి తొంగి చూడటం ప్రమాదమని గ్రబ్ రాసేవారే గుర్తించారు. నాకు అది చాలా మంచి నిర్ణయం అనిపిస్తుంది.

ప్రతిసారీ ఎఫ్12 నొక్కడం కష్టమనుకుంటే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్ ఉంది. రెండు వైపులా అదే పేరుతో దొరుకుతుంది. వచ్చే ఒక్క బూట్‌కి మాత్రం రెండో వ్యవస్థలోకి పొమ్మని దానితో చెప్పవచ్చు. ఆ తర్వాత మళ్ళీ మామూలు వరసే. ఎప్పుడైనా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఈ జాబితా చెరిగిపోవచ్చు. అప్పుడు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే కమాండ్‌తో తిరిగి రాయాలి. ఇన్‌స్టాలర్ ఎక్కించిన ఆ పెన్‌డ్రైవ్‌ని అందుకే దేనికీ వాడకుండా దాచిపెట్టండి.

హోమ్ పంచుకోకండి, స్వాప్ పంచుకోకండి, ఏదీ పంచుకోకండి

అన్ని సలహాల్లోకీ నాకు పట్టుదల ఎక్కువ ఉన్నది దీని మీదే.

హోమ్ డైరెక్టరీ ఒక్కటే ఉంటే ఎటు వెళ్ళినా మన ఫైళ్ళు మనకి కనబడతాయని ఆశ. మొదటి రోజే అడ్డం పడేది యూజర్ సంఖ్య. డెబియన్ మొదటి యూజర్‌కి 1000 ఇస్తుంది, ఫ్రీబీఎస్‌డీ 1001 ఇస్తుంది. ఫైల్ సిస్టమ్‌కి మీ పేరుతో పని లేదు, సంఖ్యతోనే పని. ఒకవైపు రాసిన ఫైళ్ళు రెండోవైపు పరాయివాడివిగా కనిపిస్తాయి. యూజర్‌ని సృష్టించేటప్పుడు 1000 అని చెప్తే సరిపోతుంది కదా అంటారు. ఆ ఒక్కటీ సరిపోతుంది, అక్కడితో తీరదు.

హోమ్‌లో ఉండేవి మన ఉత్తరాలు, ఫోటోలు మాత్రమే కాదు, ప్రోగ్రాములు తమ కోసం దాచుకున్న స్థితి కూడా. ఫైర్‌ఫాక్స్‌నే తీసుకోండి. డెబియన్ స్థిర విడుదలలో ఈఎస్ఆర్ అనే నిదానమైన వరస వస్తుంది, ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీల్లో ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంది. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి, కొత్త ఫైర్‌ఫాక్స్ తెరిచిన ప్రొఫైల్‌ని పాత ఫైర్‌ఫాక్స్ తెరవదు, కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. ఒకసారి ఫ్రీబీఎస్‌డీలో బ్రౌజర్ తెరిచి వస్తే డెబియన్‌లో బుక్‌మార్కులూ పాస్‌వర్డ్‌లూ కనబడవు. డెస్క్‌టాప్ సెట్టింగులదీ ఇదే వరస. ఇక హోమ్‌లో కంపైల్ చేసి పెట్టుకున్న ప్రోగ్రాములు, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు రెండో కెర్నల్ మీద నడవవు. ఫ్రీబీఎస్‌డీకి లైనక్స్ ప్రోగ్రాముల్ని నడిపే పొర ఒకటి ఉంది, దాన్ని కావాలని పెట్టుకోవాలి. డెబియన్‌కి ఎదురు దారి అసలు లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ హోమ్ ఏ ఫైల్ సిస్టమ్ మీద ఉండాలన్నది. యూఎఫ్ఎస్‌ని లైనక్స్ చదువుతుంది, రాయడం మాత్రం ప్రమాదకరమని కెర్నల్ సెట్టింగుల్లోనే రాసి ఉంటుంది. ఎక్స్‌ట్4ని ఫ్రీబీఎస్‌డీ చదువుతుంది, రాస్తుంది, కానీ దాని జర్నల్‌ని పట్టించుకోదు. ఎండాకాలంలో కరెంటు పోయిన క్షణాన డెస్క్‌టాప్ యంత్రాన్ని కాపాడవలసింది ఆ జర్నలే. జడ్‌ఎఫ్ఎస్ ఒక్కటే రెండు వైపులా నిండు మనసుతో పని చేస్తుంది. 2021లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 13.0తో రెండు వైపులా ఒకే ఓపెన్‌జడ్‌ఎఫ్ఎస్ కోడ్ అయింది. అయితే డెబియన్ 12లో ఉన్నది 2.1, ఫ్రీబీఎస్‌డీ 14.0లో ఉన్నది 2.2. కొత్త వైపు కూర్చుని పూల్‌ని అప్‌గ్రేడ్ చేశారంటే పాత వైపు ఇక తెరవనని మొండికేయవచ్చు. పూల్‌లో అప్‌గ్రేడ్‌ని వెనక్కి తీసుకునే మామూలు దారి లేదు. ఎలాగైనా పంచుకుంటామనేవారు పూల్‌ని సృష్టించేటప్పుడే కంపాటిబిలిటీ అనే గుణాన్ని పాత వెర్షన్‌కి కట్టేసి, ఒకవైపు నుంచి ఎక్స్‌పోర్ట్ చేశాకే రెండోవైపు వెళ్ళాలి. లేకపోతే పూల్ వేరే యంత్రం చేతిలో ఉందని రెండో వ్యవస్థ అభ్యంతరం చెప్తుంది. బలవంతంగా తెరిచే ఆప్షన్ ఉంది కదా అని దాన్ని అలవాటు చేసుకోకండి.

స్వాప్ సంగతి. నాలుగైదు వందల జీబీల డిస్కులో 8 జీబీ మిగుల్చుకోవడానికి పంచుకునే వస్తువు కాదు అది. డెబియన్‌ని హైబర్నేట్ చేస్తే మెమరీ మొత్తం స్వాప్‌లోకి వెళ్తుంది. ఆ మధ్యలో ఫ్రీబీఎస్‌డీ బూట్ అయి అదే స్వాప్ వాడితే, నిద్రపుచ్చిన డెబియన్ ఇక లేవదు. ఇటు ఫ్రీబీఎస్‌డీ కెర్నల్ కుప్పకూలితే, ఎందుకు కూలిందో చెప్పే డంప్‌ని స్వాప్‌లోనే రాసి, మళ్ళీ బూట్ అయినప్పుడు /వార్/క్రాష్‌లోకి తీసుకుంటుంది. మధ్యలో డెబియన్‌లోకి వెళ్ళి దాన్ని నింపేస్తే ఆ సాక్ష్యం పోతుంది. స్వాప్‌లు వేరైనా సరే, ఒకదాన్ని హైబర్నేట్ చేసి రెండోదానిలోకి వెళ్ళే అలవాటు పెట్టుకోకండి. పూర్తిగా ఆపి మారండి.

మరి ఫైళ్ళు రెండు వైపులా కావాలంటే? ఈ కంప్యూటర్ బయట పెట్టండి. రాసుకునేవి, కోడ్ అయితే గిట్‌లో. పెద్దవి అయితే ఇంట్లో ఇంకో యంత్రానికి ఆర్‌సింక్‌తో, లేదా బయటి డిస్కులో. అప్పుడు నెట్‌వర్క్ మీద నడిచేది ఫైళ్ళే కానీ ఫైల్ సిస్టమ్ కాదు, ఎవరి జర్నల్ వారిది, ఎవరి సంఖ్యలు వారివి. బ్యాకప్ కూడా దానంతట అదే తయారవుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌ని మధ్యవర్తిగా వాడితే 4 జీబీకి మించిన ఫైలు పట్టదని గుర్తుంచుకోండి.

రెండూ ఒకేలా కనబడేలా చేయకండి

ఒకే థీమ్, ఒకే ప్రాంప్ట్, ఒకే షెల్ పెట్టుకుంటే తేడా తెలియదంటారు. తేడా తెలియకపోవడమే అపాయం. టెర్మినల్‌లో వేళ్ళు మనసు కన్నా ముందు పోతాయి. కిల్‌ఆల్ అనే కమాండ్ లైనక్స్‌లో, ఫ్రీబీఎస్‌డీలో ఒక పేరున్న ప్రాసెస్‌లని ఆపుతుంది. సోలారిస్‌లో అదే పేరున్న కమాండ్ నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటినీ ఆపేస్తుంది. అంత పెద్ద అగాధం డెబియన్‌కీ ఫ్రీబీఎస్‌డీకీ మధ్య లేదు కానీ చిన్న గుంటలు చాలానే ఉన్నాయి. సెడ్‌తో ఫైలుని అక్కడికక్కడే మార్చే ఆప్షన్ తర్వాత ఫ్రీబీఎస్‌డీ బ్యాకప్ ఫైలుకి తోక అడుగుతుంది, ఖాళీ అయినా సరే ఇవ్వాలి. డెబియన్ అలా విడిగా అడగదు. మేక్ అంటే ఒకచోట గ్నూది, ఇంకోచోట బీఎస్‌డీది. ఫ్రీబీఎస్‌డీలో షట్‌డౌన్‌కి హాల్ట్ ఆప్షన్ ఇస్తే యంత్రం ఆగుతుంది కానీ కరెంటు ఆగదు, దానికి పవర్ ఆప్షన్ వేరే. నెట్‌వర్క్‌కి ఇఫ్‌కాన్ఫిగ్ ఫ్రీబీఎస్‌డీలో నిత్యం వాడే పనిముట్టు, 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి అది మామూలు ఇన్‌స్టాల్‌లో రావడమే లేదు.

కనుక ప్రాంప్ట్ రంగు వేరు చేయండి. వాల్‌పేపర్ వేరు, డెస్క్‌టాప్ వేరు. డెబియన్‌లో గ్నోమ్ ఉంటే అటువైపు ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకోండి. ఫ్రీబీఎస్‌డీలో గ్నూ కమాండ్లని తెచ్చి పాత పేర్లకి తగిలించే పని అసలు చేయకండి. రూట్ యూజర్ షెల్‌ని బ్యాష్‌కి మార్చడం కూడా వద్దు. ఫ్రీబీఎస్‌డీలో బ్యాష్ బయటి నుంచి వచ్చిన ప్యాకేజీ, /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఉంటుంది. ఆ ప్యాకేజీ అప్‌గ్రేడ్‌లో విరిగిన రోజు రూట్‌గా లాగిన్ అవ్వడమే కష్టమవుతుంది. వేరే షెల్ కావలసినవారి కోసం టూర్ అనే రెండో రూట్ ఖాతా మొదటినుంచీ అందులో ఉంది, ఆ ముచ్చట దానితో తీర్చుకోవచ్చు.

స్క్రిప్టులు రెండు వైపులా నడవాలంటే ఒట్టి షెల్‌లో రాయడం నేర్చుకోండి. మొదటి లైనులో /బిన్/బ్యాష్ అని రాసిన స్క్రిప్టు ఫ్రీబీఎస్‌డీలో లేవదు. /బిన్/ఎస్‌హెచ్ అని రాసి, ప్రమాణంలో ఉన్నంత వరకే వాడితే రెండు చోట్లా నడుస్తుంది. డెబియన్‌లో ఆ పేరు వెనక ఉన్నది డ్యాష్. ఫ్రీబీఎస్‌డీ ఎస్‌హెచ్, డెబియన్ డ్యాష్ రెండూ కెన్నెత్ ఆల్మ్‌క్విస్ట్ 1989లో రాసిన యాష్ అనే షెల్ సంతతే. ఈ రెండింటిలోనూ నడిచే స్క్రిప్టు రాయగలిగిన మనిషికి వేరే ఏ యూనిక్స్ ముందు కూర్చోబెట్టినా బెరుకుండదు.

గడియారం, అప్‌గ్రేడ్లు, తెలుగు పేర్లు

గడియారం గురించి రెండు మాటలు. రెండు వ్యవస్థలకీ యంత్రం గడియారం యూటీసీలో ఉందని చెప్పండి. అంతకు ముందు విండోస్ ఉన్న యంత్రమైతే అది భారత కాలమానంలో ఉండి ఉంటుంది. దాన్ని యూటీసీ అనుకున్న వ్యవస్థ టైము 5 గంటల 30 నిమిషాలు ముందుకి చూపిస్తుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు, మేక్ లెక్కలు అన్నీ తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి, కారణం ఎంత వెతికినా దొరకదు.

రెండింటినీ ఒకే రోజు అప్‌గ్రేడ్ చేయకండి. ఒకటి కొత్తదైనప్పుడు రెండోది కదలకుండా ఉండాలి, అది మీ మరమ్మతు గది. ఫ్రీబీఎస్‌డీలో జడ్‌ఎఫ్ఎస్ రూట్ పెట్టుకున్నవారికి ఇంకో మాట. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ పూర్తయ్యాక పూల్‌ని కూడా అప్‌గ్రేడ్ చేయవచ్చని వ్యవస్థ గుర్తు చేస్తూ ఉంటుంది. ఆ మాట వెంటనే వినకండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉన్న లోడర్ పాతదే అయి ఉండవచ్చు. కొత్త పూల్‌ని పాత లోడర్ చదవలేకపోతే బూట్ ఆగిపోతుంది. ముందు కొత్త లోడర్‌ని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకి కాపీ చేయండి, ఒకసారి బూట్ చేసి చూడండి, ఆ తర్వాతే పూల్ జోలికి వెళ్ళండి. నిజానికి కొత్త ఫీచర్ అవసరం లేకపోతే అసలు వెళ్ళకపోవడమే మేలు.

తెలుగులో ఫైళ్ళకి పేర్లు పెట్టుకునే అలవాటు నాకెంతో ఇష్టం. డెస్క్‌టాప్‌లో రెండు వైపులా నిక్షేపంగా కనబడతాయి. కానీ గ్రాఫిక్స్ లేని నల్ల తెర మీద ఈ రెండు వ్యవస్థల్లో ఏదీ ఒత్తులు, గుణింతాలు పేర్చి చూపలేదు. వ్యవస్థ పాడైన రోజు మీరు కూర్చునేది ఆ తెర ముందే. కనుక బ్యాకప్ స్క్రిప్టులు, పార్టిషన్ పట్టిక నకళ్ళు, తాళం చెవుల ఫైళ్ళకి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేర్లు పెట్టండి.

తీసేసే రోజు గురించి మొదటి రోజే ఆలోచించండి

కొన్నాళ్ళకి ఒకటి చాలనిపించవచ్చు, అందులో తప్పేమీ లేదు. అప్పుడు ముందు ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో దాని పేరు జాబితాలోంచి తీయండి, తర్వాత ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో దాని డైరెక్టరీ, చివరికి దాని పార్టిషన్లు. అయితే డిస్కులో ఏది ముందుంది అన్నది ఇక్కడ అక్కరకొస్తుంది. ముందున్నది మిగిలితే, వెనక ఖాళీ అయిన చోటంతా దానిలో కలుపుకోవచ్చు. వెనకున్నది మిగిలితే, ముందున్న ఖాళీలోకి అది పెరగలేదు, అక్కడ వేరే పార్టిషన్ చేసుకోవాలే తప్ప దారి లేదు. అందుకే పై వరసలో ఒక వ్యవస్థ, రెండో వ్యవస్థ అన్నానే కానీ పేర్లు చెప్పలేదు. పదేళ్ళ తర్వాత కూడా ఏది మీ దగ్గర ఉంటుందని మీకు అనిపిస్తోందో దాన్ని ముందు పెట్టండి.